కాపరులు లేని వేళ: ఛోటానాగపూరున విశ్వాస పరీక్ష

జంషెడ్‌పూరు నగరములో టెల్కో కర్మాగారమునకు చేరువగా బిర్సానగర్ అను పెద్ద నివాసప్రాంతము కలదు. జోను సంఖ్యలతో గుర్తింపబడు ఆ వీధులకు ముండా వీరుడైన బిర్సా పేరు పెట్టబడినది. ఉక్కు కర్మాగారముల పిలుపు విని శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి తరలివెళ్లి, ఆ నగరమున తరతరములుగా కాపురముండు తెలుగువారికి ఆ పేరు కొత్తది కాదు. కాని ఆ పేరు గలవాని చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు ఉన్నది. బిర్సా బాల్యమున క్రైస్తవ బాప్తిస్మము పొందెను. చాయిబాసాలోని జర్మను లూథరను మిషను పాఠశాలలో చదివెను. యౌవనము వచ్చుసరికి ఆ మతమును విడిచెను. తుదకు ఆతని అనుచరులు ఆ మతమువారి మందిరములపై బాణములు వేసిరి.

మతమును విడిచినవాని పేర వెలసిన చోటినుండి, ఆ మతమునందు నిలిచినవారి కథ చెప్పబూనుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. కాని నిలుకడ విలువ తెలియవలెనన్నచో, విడిచిపోవుటకు దారియు, దానికి తగిన కారణములును ఉన్న చోటనే దానిని పరిశీలింపవలెను. గాలి లేని గదిలో దీపము ఆరకుండుట దీపము గొప్పతనము కాదు. ఛోటానాగపూరు క్రైస్తవులకు ఆ గాలి మూడుమారులు వీచినది. 1857లో భూస్వాములనుండి వీచినది. 1899లో సొంత జాతివారినుండి వీచినది. 1915లో ఎవరి ద్వేషమును లేకయే, తమ్ము కాచువారు తొలగిపోవుటవలన వీచినది. ఈ మూడింటిలో మూడవదియే గట్టి పరీక్ష యనియు, అందు నిలిచినపుడే ఆ విశ్వాసము వారి సొంతమైనదనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

తెలుగు క్రైస్తవ వాఙ్మయములో 'హతసాక్షి' అను మాట యొకటి కలదు. విశ్వాసముకొరకు ప్రాణమిచ్చినవాడని దాని యర్థము. గ్రీకు భాషలో దీనికి మూలమైన 'మార్తుస్' అను పదమునకు మొదట సాక్షి అనియే అర్థము. అనగా న్యాయస్థానములో తాను చూచినది చూచినట్లు చెప్పువాడు. చంపబడుట అను భావము తరువాత వచ్చి చేరినది. తెలుగు సమాసములో రెండు భావములును కలసియున్నను, ప్రధానపదము సాక్షియే. 'హత' అనునది విశేషణము మాత్రమే. చావునందు గొప్ప లేదు. చావు ఎదురైనను మాట మార్చకుండుటయందు గొప్ప ఉన్నది.

రోమను సామ్రాజ్యములో హింస నడచిన తీరు చూచినచో ఈ భేదము స్పష్టపడును. క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియా మండలాధిపతియైన ప్లినీ చక్రవర్తి ట్రాజనునకు వ్రాసిన లేఖ నేటికిని లభించుచున్నది. క్రైస్తవులని పట్టుబడినవారు తాము క్రైస్తవులము కామని చెప్పి, చక్రవర్తి ప్రతిమ యెదుట ధూపము వేసి, ద్రాక్షారసము నివేదించి, క్రీస్తును దూషించినచో వారిని విడిచిపెట్టుచున్నానని ఆతడు తెలిపెను. 250లో డీసియసు చక్రవర్తి కాలమున, దేవతలకు బలి యర్పించితిమని ప్రజలు అధికారులచే పత్రములు వ్రాయించుకొనవలసి వచ్చెను. అట్టి పత్రములు కొన్ని ఈజిప్టు ఇసుకలో బయటపడినవి. ప్రభుత్వము కోరినది చిటికెడు ధూపము, ఒక చిన్న పత్రము. హింసించువానికి కావలసినది ప్రాణము కాదు, మాట. ఆ మాట యిచ్చినవాడు సుఖముగా ఇంటికి పోవచ్చును. అందుచేతనే ఆ మాట యియ్యకుండుట కష్టము.

హింస తగ్గిన పిదప సంఘమునకు మరియొక చిక్కు వచ్చినది. భయపడి మాట తప్పినవారిని ఏమి చేయవలెను? వారిని మరల గడప తొక్కనీయరాదని కొందరు పట్టుబట్టిరి. కార్తేజి సంఘాధ్యక్షుడైన కిప్రియను, పశ్చాత్తాపకాలము గడచిన తరువాత వారిని చేర్చుకొనవచ్చునను పక్షము వహించెను. ఆ కిప్రియనే 258లో విశ్వాసముకొరకు శిరచ్ఛేదము పొందెను. పడినవానిని తృణీకరింపకుండుట కూడ నిలిచినవాని ధర్మమేయని ఆ కాలము నేర్పిన పాఠము. ఈ రెండు సంగతులు మనసున నుంచుకొని ఛోటానాగపూరు చరిత్రను చూతము.

బెర్లిను నగరమున యోహానెస్ గోస్నరు అను బోధకుడు పంపిన నలుగురు జర్మనులు 1845 నవంబరు 2న రాంచీ చేరిరి. షాట్స్, బ్రాంట్, బాట్ష్, యాంకె అనునవి వారి పేర్లు. ఏండ్లతరబడి పని చేసినను వారి మాట విని చేరినవారు లేరైరి. తరువాత కొందరు ఉరావులు మిషనునకు వచ్చి యేసును కన్నులార చూడగోరిరనియు, చూపలేమనగా కోపించి వెళ్లిరనియు, మరల వచ్చి సాయంకాల ప్రార్థనలో కూర్చుండి తృప్తిపడిరనియు ఆ సంఘమువారు పరంపరగా చెప్పుకొందురు. 1850 జూను 9న నలుగురు ఉరావులు బాప్తిస్మము పొందిరి. క్రమముగా ముండాలును చేరసాగిరి.

వారు చేరుటకు గల కారణములను దాచవలసిన పని లేదు. అడవి నరికి పొలము చేసికొన్న కుటుంబములకే ఆ భూమి చెందునను 'ఖుంట్‌కట్టి' ఆచారము ముండాలలో పూర్వమునుండి ఉన్నది. బయటినుండి వచ్చిన జమీందారులు, గుత్తదారులు ఆ హక్కును మన్నింపక, శిస్తులు పెంచి, కూలి యియ్యకుండ 'బేగారి' చేయించుచుండిరి. తెలుగుదేశమున వెట్టిచాకిరి యనునది అదియే. ఇట్టి పరాయివారిని ఆదివాసులు 'దికులు' అందురు. న్యాయస్థానపు భాష ఎరుగని రైతునకు, అక్షరము నేర్పి ఆపదలో ఆలకించు మిషను అండగా తోచినది. ఇది భూమికొరకు వచ్చిన భక్తి యని ఆనాడే కొందరు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. కాని మనుష్యుడు ఏ యవసరమునకు గడప తొక్కెననుటకంటె, ఆ యవసరము తీరదని తేలిన నాడు గడప దాటి వెళ్లిపోయెనా లేదా యనుట ముఖ్యము.

ఆ నాడు త్వరగానే వచ్చినది. 1857 ఆగస్టు మొదట రామగఢ్ పటాలము తిరుగబడగా, రాంచీలోని ఆంగ్లాధికారులును మిషనరీలును నగరము విడిచిపోయిరి. 1855 క్రిస్మసు ముందుదినమున ప్రతిష్ఠింపబడిన క్రీస్తు దేవాలయముపై ఫిరంగులు పేలినవి. గ్రామములలో జమీందారుల మనుష్యులు క్రైస్తవుల ఇండ్లు దోచుకొని, వారిని పొలములనుండి వెళ్లగొట్టిరి. కుటుంబములకు కుటుంబములే అడవులలోను కొండలలోను తలదాచుకొన్నవి. ఇచ్చట ఒక మాట విడమరచి చెప్పవలెను. పరాయి పాలనపై సిపాయిలు సాగించిన ఆ సమరమును దేశము గౌరవించుచున్నది, గౌరవింపదగినదే. గ్రామములలో క్రైస్తవ రైతుపై పడిన దెబ్బ మాత్రము పాత భూమితగవు తీర్చుకొనుటకు జమీందారులకు దొరికిన సందు. అంతవరకు అండయైన మతము ఇపుడు గుర్తుపట్టి కొట్టుటకు ఆనవాలైనది. మిషనరీ లేడు, కలెక్టరు లేడు, కోర్టు లేదు. క్రైస్తవుడను కానని చెప్పుటలో లాభమే గాని నష్టము లేదు. అయినను శాంతి కుదిరి మిషనరీలు మరలివచ్చునప్పటికి, అడవులు పట్టినవారు తిరిగి ఊళ్లకు చేరి కూడుకొనుచుండిరి. ఆ తరువాతి యేండ్లలో సంఘము తరుగలేదు, పెరిగినది.

మొదటి పరీక్షలో ఎదుటివాడు దికు. అతనిని ఎదుర్కొనుట బాధాకరమైనను, మనసునకు చిక్కు లేదు. రెండవ పరీక్ష అట్టిది కాదు. భూమిహక్కులకై ముండా 'సర్దారులు' సాగించిన ఆందోళనలో క్రైస్తవులు అనేకులుండిరి. మిషనువారు తమ తగవును కడదాక మోయరని తేలినపుడు, వారిలో పెక్కుమంది మిషనును విడిచిరి. 1875 నవంబరు 15న జన్మించిన బిర్సా ఆ వాతావరణమున పెరిగినవాడు. సర్దారులను మోసగాండ్రని మిషనువారు నిందించుట ఆ బాలుడు సహింపలేదని ఆతని చరిత్రకారులు వ్రాసిరి. 1890 ప్రాంతమున ఆతడు చాయిబాసా చదువును, పిమ్మట మిషనును విడిచెను. పాలించు దొరయు, బోధించు దొరయు ఒకే టోపీ పెట్టుకొన్నవారని ఆతడన్నట్లు ప్రసిద్ధి. ఒకే దేవుడు, శుచియైన నడవడి, మద్యత్యాగము మున్నగు నియమములతో ఆతడు తన జాతికి కొత్త మార్గము చూపెను. ఆతడు విడిచిపోవుట లోభమువలన గాని, భయమువలన గాని జరిగినది కాదు. తన అంతరాత్మకు లోబడి ఆతడు వెళ్లెను. కాబట్టి ఉండిపోయిన క్రైస్తవ ముండాకు ఎదురైన ప్రశ్న తేలికది కాదు: నా జాతి నొప్పి ఎరిగినవాడు బయటికి పోవుచుండగా, నేను లోపల ఏల నుండవలెను?

1899 డిసెంబరు 24వ తేది రాత్రి, క్రిస్మసు పండుగకు కూడిన క్రైస్తవులపైనను, మిషను భవనములపైనను బిర్సా అనుచరుల బాణములు పడినవి. సర్వదాలోని కథోలిక మిషనుపై జరిగిన దాడి సమయమున జర్మను జెసూటు గురువు జాన్ బాప్టిస్టు హాఫ్‌మను అచ్చట ఉండెను. 1900 జనవరి 9న డోంబారి కొండ ప్రాంతమున ప్రభుత్వ సైన్యము బిర్సా అనుచరులపై కాల్పులు జరిపెను. పట్టుబడిన బిర్సా అదే సంవత్సరము జూను 9న రాంచీ కారాగారమున మరణించెను. అప్పటికి ఆతనికి ఇరువదియైదేండ్లు నిండలేదు. ఆ నలుగురు ఉరావులు బాప్తిస్మము పొంది ఆ నాటికి సరిగా ఏబదియేండ్లు.

దాడికి గురియైనవారు ఆ తరువాత ఏమి చేసిరనుటలో వారి విశ్వాసము తీరు తెలియును. ప్రభుత్వపు తుపాకులు గెలిచినవి గనుక పగ తీర్చుకొనుటకు అదను చిక్కినది. హాఫ్‌మను ఆ దారి పట్టలేదు. బాణము వచ్చిన దిక్కున ఉన్న నొప్పి యేమియో ఆతడు పరిశోధించెను. ముండాల భూమి కట్టుబాట్లను గూర్చి ఆతడు సంపాదించిన జ్ఞానము 1908 నాటి ఛోటానాగపూరు కౌలుదారీ చట్టమునకు తోడ్పడినది. ఖుంట్‌కట్టి హక్కును గుర్తించి, ఆదివాసి భూమి పరులపాలు కాకుండ కట్టుదిట్టము చేసిన ఆ చట్టము నేటికిని అమలులో ఉన్నది. 1909లో వడ్డీవ్యాపారుల బారినుండి రైతును తప్పించుటకు ఆతడు సహకార పరపతి సంఘమును నెలకొల్పెను. బిర్సా పోరాటము లేనిదే ఆ చట్టము వచ్చియుండదు. ఆ పోరాటపు బాణముల నెదుర్కొన్నవాడే చట్టపు రచనకు సాయపడెను. ఒకే న్యాయమునకు విడిచినవాడును నిలిచినవాడును చెరియొక వైపునుండి పనిచేసిరని చెప్పవచ్చును.

ఇక మూడవ పరీక్ష. 1914లో ప్రపంచయుద్ధము మొదలైనది. భారతదేశముననున్న జర్మనులు శత్రుదేశీయులైరి. 1915లో గోస్నరు మిషనరీలు నిర్బంధింపబడి, స్వదేశమునకు పంపబడిరి. హాఫ్‌మను సహితము అట్లే దేశము విడువవలసి వచ్చెను. డెబ్బదియేండ్లుగా పాఠశాలలు నడిపి, జీతములిచ్చి, తీర్పులు చెప్పి, ప్రతి చిన్న సంగతికిని 'దొరగారి నడుగుడు' అనిపించుకొన్న వ్యవస్థ ఒక్కసారిగా ఖాళీయైనది. ఇల్లు కాల్చువారు లేరు. బాణము వేయువారు లేరు. జీతము లేని ఉపదేశకుడు, ధనసహాయము లేని బడి, పెద్ద దిక్కు లేని సంఘము మిగిలినవి. హింస మనిషిని గట్టిపరచుటయు కలదు. ఎదుట శత్రువు ఉన్నపుడు పట్టుదల దానంతట వచ్చును. శూన్యములో ఆ సాయము లేదు. అచ్చట విశ్వాసము నెమ్మదిగా, ఎవరును గమనింపకుండ, ఆరిపోవచ్చును.

యుద్ధకాలమున ఛోటానాగపూరు ఆంగ్లికను అధ్యక్షుడు ఫాస్ వెస్ట్‌కాట్ ఆ సంఘమునకు ఆదరువుగా నిలిచెను. యుద్ధానంతరము ఆంగ్లికను సంఘములో కలసిపొండను సూచన వచ్చినది. ఆ సూచన శత్రువుది కాదు, మిత్రునిది. అందు ధనము, పాఠశాలలు, ప్రభుత్వపు మన్నన అన్నియు ఉన్నవి. 1919 జూలై 10న ఆ సంఘమువారు తమ నిర్ణయము ప్రకటించిరి: తాము నేర్చిన లూథరను విశ్వాసమునందే ఉందురు; కాని ఇకమీదట ఎవరి మిషనుగాను కాక, స్వతంత్ర సంఘముగా ఉందురు. హనుక్ దత్తో లక్రా అధ్యక్షుడుగా, పీటరు హురద్ కార్యదర్శిగా ఆదివాసులే బాధ్యత వహించిరి. రాంచీ కేంద్రముగా నేటికిని నడచుచున్న గోస్నరు ఇవాంజెలికల్ లూథరను సంఘము స్వపరిపాలనకు అది నాంది. అదే సంవత్సరము జనవరి 2న సాక్చీ గ్రామమున వెలసిన ఉక్కునగరమునకు జంషెడ్‌పూరు అను పేరు పెట్టబడినది. ఒకే యేడు, ఒకే పీఠభూమిపై, పరిశ్రమకు కొత్త పేరును, విశ్వాసమునకు కొత్త యజమానులును వచ్చిరి.

చేయూత లేని ఆ సంవత్సరములలో వారిని నిలిపినదేమి? దానికి భాషయే మొదటి జవాబు. ఆల్ఫ్రెడ్ నోట్రాట్ ముండారి వ్యాకరణము వ్రాసి, బైబిలును ముండారిలోనికి తెచ్చెను. ఫెర్డినాండ్ హాన్ 1900లో కురుఖు వ్యాకరణము ప్రకటించెను. కురుఖు ఉరావుల భాష; తెలుగునకు దూరపు చుట్టమైన ద్రావిడభాష. జర్మనులు ఓడ ఎక్కిననాడు జర్మను భాష వారితో పోయినది. ముండారి గ్రంథము, ఇంటింటి పాట, ఊరి ఉపదేశకుని నోటిమాట ఊరనే ఉన్నవి. తల్లిభాషలో ప్రార్థింప నేర్చినవానికి గురువు లేకపోవుట వెలితియే గాని విపత్తు కాదు. పరభాషలోనే దేవుని పిలువనేర్చియుండినచో, ఆ సంఘము కథ 1915తో ముగిసియుండెడిదేమో.

తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలునకు పడమరనున్న పల్లెలలో తన మాదిగ బంధువులకు తాను నమ్మినది చెప్పెను. చేరినవారు ఆదివారము పని మానుటకును, చచ్చిన పశువుల మాంసము తినకుండుటకును, విగ్రహములకు మ్రొక్కకుండుటకును నియమము పెట్టుకొనిరి. కరణములకును భూస్వాములకును ఇది ధిక్కారముగా కనబడినది. నీళ్లు, మేత బీడు, పని అన్నియు వారికి మూసివేయబడినవి. ఛోటానాగపూరున భూమి ఏ పట్టుకొమ్మయో, పల్లెలో వెట్టిసేవ ఆ పట్టుకొమ్మ; హింసించువాడు ఎల్లపుడును బ్రతుకుతెరువు ముడివడిన చోటనే చేయి వేయును. తరువాత 1876-78 నాటి మహాక్షామమున జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకపు పనులు ఇప్పించెను గాని, కూటికొరకు చేరిరన్న మాట రాకుండ ఏడాదికి పైగా బాప్తిస్మములు నిలిపివేసెను. క్షామసహాయము ముగిసిన పిదప, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమునే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 'ఏ యవసరమునకు వచ్చిరి' అను ప్రశ్నకు ఇది తెలుగునేల యిచ్చిన జవాబు.

ఈ సందర్భమున మరియొక తెలుగువాడు స్మరణీయుడు. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువాను కులము చూచి సవర్ణులు దూరముంచిరి. పురాణములు చదివి హిందూ కథలు పద్యములుగా వ్రాసినందుకు క్రైస్తవ సమాజములోని వారును ఈసడించిరి. ఇరువైపుల తలుపులు మూసినను, తాను విశ్వనరుడనని ప్రకటించుకొన్న ఆ కవి 'క్రీస్తు చరిత్ర'ను తెలుగు పద్యమున రచించెను. ఆ కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. సంస్థ ఆదరింపకపోయినను సత్యమని తోచినదానిని విడువకుండుట, రాంచీ ఉపదేశకుని నిలుకడకు చాల దగ్గర బంధువు.

పైన చెప్పిన చరిత్రనుండి మూడు సంగతులు తేలుచున్నవి. విశ్వాసమునందు నిలుచుట అనగా బాధను కోరుట కాదు; 1857లో అడవులలో దాగినవారు విశ్వాసము తప్పినవారు కారు. నిలుచుట అనగా బోధించినవానిని పట్టుకొని వ్రేలాడుట కాదు. బోధకుడు పోయినపుడే ఆ నిలుకడ బయటపడినది. నిలుచుట అనగా విడిచిపోయినవానిని ద్వేషించుటయు కాదు. 2000 నవంబరు 15న, బిర్సా పుట్టినదినమున, ఝార్ఖండు రాష్ట్రము ఏర్పడినది. ఆ దినమున ఆతని ప్రతిమకు పూలమాల వేయు ఆదివాసి క్రైస్తవుడు తన మతమునకు ద్రోహము చేయుచున్నాడని ఎవరును తలపరాదు. తన తాతలపై బాణము వేసినవారి నాయకుడు తన తాతల భూమికొరకే ప్రాణమిచ్చెనని ఆతడెరుగును. ఈ రెండు నిజములను ఒకే హృదయమున మోయగలిగిన విశ్వాసము, ఏ ఫిరంగియు పగులగొట్టలేనంత గట్టిదై యుండును. బిర్సానగర్ వీధులలో ఆదివారపు ఆరాధనకు నడచువారికి ఆ పేరు అడ్డంకి కాదు. తమ పెద్దలు ఏ గాలిలో దీపము నిలిపిరో ప్రతిదినము గుర్తుచేయు ఆనవాలు.